ఆంధ్రరత్నము – రామనగరము

సికింద్రాబాదు పద్మారావు నగర్‌లో గాని, మరి యే పట్టణపు పేటలో గాని, ఇంటిపన్ను చీటీలు వచ్చు దినములలో అరుగులపై వినవచ్చు సంభాషణ యొకటే. పన్ను హెచ్చుగా నున్నది. దానివలని ఫలము తక్కువగా నున్నది. ఈ సణుగుడు పన్నులంత పాతది. దీనిని పెద్ద విషయముగా నెంచువారు లేరు. కాని యింతటి సామాన్యమైన సణుగుడే యొకప్పుడు ఒక పట్టణమును పట్టణముగా లేవదీసి, 11 మాసములు పాకలలో నిలిపినది. ఆ కథకు నాయకులు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. పన్నుల తగవు స్వాతంత్ర్య సమరముగా మారు విధము తెలియగోరువారికి ఆయన జీవితమునకు మించిన పాఠము ఆంధ్రదేశమున వేరొకటి లేదని మా విశ్వాసము.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన, నాటి కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలున జన్మించిరి. పుట్టిన కొలది దినములకే తల్లి గతించినది. మూడవయేట తండ్రియు పోయెను. నాయనమ్మయు, పినతండ్రియు పెంచిరి. గుంటూరు, బాపట్లలలో చదువు సాగినది గాని, బడిపుస్తకములకన్న సంగీతమునందును, నాటకమునందును, ఆశుకవిత్వమునందును ఆయనకు మక్కువ మెండు. ఇట్టి బాలుడు మిత్రుడైన నడింపల్లి నరసింహారావుగారితో కూడి సముద్రము దాటి, ఎడింబరో విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదివి ఎం.ఏ. పట్టము పొందుట చూచినవారికి ఆశ్చర్యము గొలిపెను. ఆ సీమలో నున్నప్పుడే ఆనందకుమారస్వామిగారి స్నేహము లభించినది. వారిరువురును కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున ననువదించిరి. ఆ గ్రంథమును హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము 1917లో ప్రకటించెను. ధనము కదలు మార్గమును, చేయి కదలు ముద్రను, రెంటిని సమానముగ నెరిగిన పురుషుడని చెప్పుట అతిశయోక్తి గాదు.

స్వదేశమునకు మరలి వచ్చి రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలయందును అధ్యాపకత్వము నెరపిరి. కాని యెచ్చటను నిలువలేదు. ఒకరి యాజ్ఞకు లోబడి పనిచేయుట ఆయన స్వభావమునకు సరిపడదు. తుదకు చీరాల చేరి, ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి యను పేర జాతీయ విద్యకు పూనుకొనిరి. శ్రీరాముని దైవముగా గొలిచిన ఆయన, కాషాయవస్త్రములు ధరించిన సేవకుల దండు నొకదానిని కూర్చి దానికి రామదండని పేరిడిరి. 1921లో బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనప్పుడు వేలకొలది జనమును అదుపులో నుంచినది యీ దండే. వినోదముగా కనుపించిన యీ వేషము వెనుక కఠినమైన క్రమశిక్షణ యుండెను. అది యెందుకు పనికివచ్చునో లోకము త్వరలోనే చూచినది.

నాటి గుంటూరు మండలమున, సముద్రమునకు చేరువలో నున్న చీరాల, పేరాల జంట గ్రామములు. మగ్గముపై బ్రతుకువారు అచ్చట పెక్కుమంది. 1919లో మద్రాసు ప్రభుత్వము ఈ రెండింటిని కలిపి పురపాలక సంఘముగా చేసెను. అంతవరకు యూనియను పన్నుగా సాలుకు సుమారు 4,000 రూపాయలు చెల్లించిన జనముపై ఇప్పుడు దాదాపు 40,000 రూపాయల భారము పడినది. ప్రభుత్వ పక్షమున వాదము లేకపోలేదు. జనము పెరిగిన చోట వీధిదీపములు, పారిశుద్ధ్యము కావలెను. వానికి ధనము కావలెను. ఈ వాదమును మేము తోసిపుచ్చము. కాని నూలు కొని, నేసి, అమ్మి, మిగిలిన నాలుగణాలతో పిల్లలను పోషించు నేతగాడు దీపపుస్తంభము కొరకు పదింతలు చెల్లింపగలడా యని మాత్రము ఏలినవారు విచారింపలేదు. ప్రజలు అర్జీలమీద అర్జీలు పెట్టిరి. ఫలము లేకపోయెను.

ఇచ్చట నొక సూక్ష్మమును పాఠకులు గమనింపవలెను. ఆ పురపాలక శాఖ అప్పటికి తెల్లదొరల చేతిలో లేదు. మాంటేగు సంస్కరణముల ననుసరించి 1920 డిసెంబరు నుండి అది మన తెలుగువారే యగు పానగంటి రామరాయణింగారి మంత్రిత్వమున నుండెను. అనగా, స్వపరిపాలన యను పేరిట, దేశీయుడైన మంత్రి సంతకముతోనే పన్ను నిలిచియున్నది. ఆ మంత్రిని నిలిపిన శాసనసభకో, ఆస్తిపాస్తులు గల కొద్దిమందికే వోటు. ఆ యెన్నికలను కాంగ్రెసు బహిష్కరించినది. కనుక చీరాలవారి ప్రశ్న క్రమముగా మారినది. మొదట, ఇంత పన్ను ఏల యని యడిగిరి. తరువాత, ఈ పన్ను వేయుటకు మీరెవరని యడిగిరి. మొదటి ప్రశ్నకు తగ్గింపు సమాధానము కావచ్చును. రెండవదానికి స్వరాజ్యము తప్ప వేరు సమాధానము లేదు.

అమెరికా వలస రాజ్యముల చరిత్ర యిట్టిదే. 1765లో స్టాంపు పన్నుతో మొదలైన తగవు 1773లో బోస్టను రేవున తేయాకు పెట్టెలను సముద్రము పాలుచేసినది, 1775లో యుద్ధమైనది, 1776లో స్వాతంత్ర్య ప్రకటనమైనది. ఆ 1773లో ఇంగ్లీషువారు అమ్మజూపిన తేయాకు మునుపటికన్న చౌక. అయినను వారు దానిని ముట్టలేదు. తమ ప్రతినిధులు లేని సభ వేసిన పన్ను కాసైనను పన్ను కాదని వారి పట్టు. అర్థశాస్త్రము చదివిన గోపాలకృష్ణయ్యగారికి ఈ చరిత్ర తెలియనిది కాదు. కాని వారు తుపాకి పట్టిరి. ఈయన పట్టణమును ఖాళీచేయించెను. భేదమంతయు అచ్చటనే యున్నది.

పన్ను నిరాకరించినవారిని ప్రభుత్వము జైలుకు పంపసాగెను. వారిలో నొక స్త్రీయు గలదు. బెజవాడ సభ ముగిసిన పిదప, 1921 ఏప్రిల్ 6వ తేదీన మహాత్మాగాంధి చీరాలకు వచ్చిరి. ప్రజల యెదుట రెండు మార్గములుంచిరి. అహింస తప్పక పన్ను నిరాకరించి శిక్షల ననుభవించుట యొకటి. పురపాలక సంఘపు టెల్ల దాటి వెడలిపోవుట రెండవది. ఎల్ల వెలుపల నున్నవారిపై పురపాలక సంఘమునకు అధికారము లేదుగదా. ఏది చేసినను తమ బాధ్యతపైననే చేయవలెను గాని కాంగ్రెసు ధనముపై ఆధారపడరాదని కూడ చెప్పిరి. గోపాలకృష్ణయ్యగారు రెండవ మార్గము నెన్నుకొనిరి.

ఏప్రిల్ నెలాఖరున, వేసవి మండుచుండగా, 13,000లకు పైబడిన జనము ఇండ్లకు తాళములు వేసి వెడలినది. మగ్గములు, గంపలు, పసిబిడ్డలు, ముదుసలులు, ఆవులు, అన్నియు కదలినవి. ఎల్లకు వెలుపల పాకలు లేచినవి. ఆ యూరికి రామనగరమని పేరిడిరి. రామదండు కావలి కాచినది. తగవులు తీర్చుకొనుటకు వారే పంచాయతీ నేర్పరచుకొనిరి. అన్ని కులములవారును ఒక్కచోట బ్రతికిరి. పన్ను వసూలు చేయవలసిన పట్టణమున జనమే లేకపోయెను. ప్రభుత్వమునకు ఫిరంగులున్నవి, పోలీసులున్నారు. కాని ఖాళీ యింటిని ఏమి చేయవలెనో తెలియదు.

వేసవి పోయి వాన వచ్చినది. వాన పోయి చలి వచ్చినది. పాకలలో నున్నవారికి ఋతువులెంత బరువో మేడలలో నున్నవారు ఎరుగరు. కూలి లేదు, నిధులు తరిగినవి. ఆ నిధులకై తిరుగుచున్న గోపాలకృష్ణయ్యగారు బరంపురమున ప్రసంగ నిషేధాజ్ఞను ధిక్కరించిరి. ఒక సంవత్సరము శిక్ష పడి తిరుచినాపల్లి జైలుకు పోయిరి. నాయకుడు లేక, ధనము లేక, 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా పిదప దేశమంతట సమరము నిలిచిపోగా, ప్రజలు తిరిగి తమ యిండ్లకు చేరిరి. పన్నును చెల్లించిరి.

కనుక ఇది పరాజయమా? పేదవారిని ఇండ్లనుండి కదలించి 11 మాసములు కష్టపెట్టుట నాయకునికి తగునా యని నాడే కొందరు నిందించిరి. ఆ నింద నిరాధారమని మేమనజాలము. పాకలో జబ్బుపడిన బిడ్డ తల్లికి స్వరాజ్య సిద్ధాంతము ఔషధము కాదు. కూడుగుడ్డల యేర్పాటు ముందుగా చేయక సాహసమునకు దిగుట ఆ యుద్యమపు లోపమే. అయినను, ఆ జనములో నెవ్వరును బలవంతమున వెడలినవారు కారు. 11 మాసములు నిలిచినది బలవంతముచే గాదు. నాయకుడు సుఖముగా నుండి ఇతరులను పంపినవాడును గాడు. విదేశపు పట్టముతో కొలువు సంపాదింపగల వ్యక్తి కష్టమును కోరి తెచ్చుకొనెను.

చీరాల పాకలు కూలినవి గాని, అచ్చట పుట్టిన ప్రశ్న కూలలేదు. అదే కాలమున పలనాటిలో పశువుల మేతకు పుల్లరి చెల్లింపమని రైతులు తిరుగబడిరి. వారి నాయకుడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకిగుండ్లకు బలియయ్యెను. పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు భూమిశిస్తును నిలిపివైచిరి. ఒక పురపాలక పన్ను, ఒక అడవి పన్ను, ఒక భూమి పన్ను: మూడును ఒక్క గుంటూరు మండలములోనివే, ఒక్క యేడాదిలోనివే. దేశము తన మహాసమరమునకు కావలసిన విద్యను ఆ మండలములో నభ్యసించినదన్న తప్పులేదు.

జైలునుండి వచ్చిన పిదప గోపాలకృష్ణయ్యగారి దేహము నిలువలేదు. క్షయవ్యాధి సోకినది. 1928 జూన్ 10వ తేదీన, 39 ఏండ్లు నిండిన కొలదిదినములకే గతించిరి. అప్పుడు గుజరాతున బార్డోలీ రైతులు హెచ్చించిన శిస్తును చెల్లింపక వల్లభభాయి పటేలుగారి వెంట నిలిచియుండిరి. ఆగస్టులో వారికి జయము కలిగినది. 1930లో గాంధీజీ పిడికెడు ఉప్పుతో సామ్రాజ్యపు పన్నునే ధిక్కరించిరి. 1947లో ఫలము చేతికి వచ్చినది. వీనిలో నొక్కటియు చూచుటకు ఆంధ్రరత్నము లేదు. బెజవాడలో కాంగ్రెసు భవనమునకు ఆయన పేరు నిలిచినది. అంతటితో ఋణము తీరినదని మేము తలపము.

నేడు పన్ను వేయు సభలను మనమే యెన్నుకొనుచున్నాము. ఆ హక్కు కొరకే చీరాల నేతగాడు మగ్గము భుజమున వేసికొని ఇసుకదారి పట్టినది. పన్ను చీటీ చేతికి వచ్చినప్పుడు సణుగుటకు మనకు హక్కు గలదు. లెక్క యడుగుటకు అంతకన్న నెక్కువ హక్కు గలదు. సణిగి ఊరకుండి, వోటు దినమున ఇల్లు కదలనివారు మాత్రము రామనగరమున ఒక వానకాలము గడపిన యా ముదుసలులను ఒక్కసారి తలచుకొందురుగాక.