మున్షీ ప్రేమ్‌చంద్: కష్టాల కౌమారం

ఉర్దూ వారూ, హిందీ వారూ తమవాడని సగర్వంగా చెప్పుకొనే మహారచయిత మున్షీ ప్రేమ్‌చంద్. ఆయన కథలను, నవలలను మనం తెలుగు అనువాదాలలోనూ చదువుకొన్నాము. కాని ఆయన కలానికి పదును పెట్టిన కౌమార జీవితం మనలో చాలమందికి తెలియదు. విద్యార్థులమైన మనకు అది తప్పక తెలిసికొనదగినది.

1880 జూలై 31న కాశీకి సమీపాన గల లమహీ గ్రామంలో ఆయన జన్మించారు. అసలు పేరు ధనపత్ రాయ్. తండ్రి అజాయబ్ లాల్ తపాలా శాఖలో చిరుద్యోగి. మౌల్వీగారి వద్ద ఉర్దూ, పార్శీ భాషలు నేర్చుకొంటున్న వయస్సులోనే తల్లి మరణించింది. తండ్రి మరల వివాహమాడారు. ఇంట కరవైన ఆప్యాయతను ఆ బాలుడు పుస్తకాలలో వెదుకుకొన్నాడు.

గోరఖ్‌పూర్‌లో చదివే రోజులలో పుస్తకాలు కొనడానికి అతని వద్ద పైకం లేదు. ఒక వ్యాపారి వద్ద ఇంగ్లీషు గైడ్లు తీసుకొని తోటి విద్యార్థులకు అమ్మిపెట్టేవాడు. ప్రతిఫలంగా ఆ దుకాణంలోని నవలలు చదువుకొనేవాడు. షరర్, సర్షార్, రుస్వా రచనలు అట్లే పరిచయమైనాయి. నవలలు చదువుతున్నందుకు మందలించే ఒక బంధువును పరిహసిస్తూ పదమూడేళ్ల ప్రాయంలో చిన్న ప్రహసనం రాశాడు. ఆ ప్రతి మనకు దక్కలేదు.

పదిహేనవ ఏట పెళ్లి చేశారు. కొద్దికాలానికే తండ్రి గతించారు. సంసారభారమంతా ఆ లేతభుజాలపై పడింది. 1898లో మెట్రిక్యులేషన్ రెండవ తరగతిలో ఉత్తీర్ణుడైనా, గణితం అడ్డువచ్చి కళాశాల ప్రవేశం లభించలేదు. ఒక వకీలుగారి పిల్లవానికి నెలకు 5 రూపాయలకు చదువు చెబుతూ కాలం గడిపాడు. పూట గడవని ఒకనాడు, 2 రూపాయలకు కొన్న గణితం గైడును 1 రూపాయికి అమ్ముకొన్నాడు. ఆ దుకాణంలోనే ఒక ప్రధానోపాధ్యాయుడు తటస్థపడి, 18 రూపాయల జీతంపై చునార్‌లో ఉపాధ్యాయోద్యోగం ఇచ్చారు.

గణితం ఐచ్ఛిక విషయమైన తరువాతనే, 1916లో, ఆయన ఇంటర్మీడియెట్ గట్టెక్కారు. 1919లో బి.ఏ. పట్టం పొందారు. అప్పటికే ఆయన రచయితగా ప్రసిద్ధులు. 1908లో వెలువడిన ‘సోజ్-ఎ-వతన్’ కథల ప్రతులను ప్రభుత్వం తగులబెట్టించగా, నవాబ్ రాయ్ అనే కలం పేరు విడిచి, 1910లో ప్రేమ్‌చంద్ అయినారు. 1936 అక్టోబరు 8న కన్నుమూసే నాటికి ‘గోదాన్’ వంటి మహానవలను మనకిచ్చారు.

‘ఈద్‌గాహ్’ కథలో మిఠాయిలు మాని అవ్వకు పట్టకారు కొన్న అనాథ హమీద్‌ను చూచినపుడు, తల్లిలేని ధనపత్ రాయ్ మా కన్నులకు కట్టినాడు.

అయితే కష్టాలే రచయితలను సృష్టిస్తాయనడం పొరపాటు. ఎందరో బాలల ప్రతిభను పేదరికం మొగ్గలోనే తుంచివేస్తున్నది. చదువనిచ్చిన దుకాణం, ఆదరించిన గురువు లేకుంటే ధనపత్ రాయ్ ఏమై ఉండేవాడో! మన తరగతి గదులలోనూ ఫీజు కట్టలేక తలవంచుకొనే మిత్రులున్నారు. వారికొక పుస్తకం అందించడమే ఆ మహనీయునికి మనమర్పించగల నివాళి.