ఇంటిని బడిగా చేసిన తల్లి – సూసన్నా వెస్లీ

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 6:4–9



ఇశ్రాయేలీయులు వాగ్దాన దేశములో అడుగు పెట్టక మునుపు మోషే వారికి అప్పగించిన పనులలో పిల్లలకు నేర్పుట యొకటి. ఆ పనిని అతడు యాజకులకు మాత్రమే విడిచిపెట్టలేదు. ఇంటిలోను దారిలోను, రాత్రి పడకకు ముందును ఉదయము లేచిన వెంటనేయు, కన్నవారే తమ పిల్లలతో దేవుని మాటలు మాటలాడవలెనని చెప్పెను.

మేము గృహములను దర్శించునప్పుడు తల్లులు తరచుగా చెప్పు మాట యొకటున్నది. పిల్లలు ఎక్కువ, పని ఎక్కువ, చేతిలో డబ్బు తక్కువ. పిల్లలను కూర్చుండబెట్టి నేర్పుటకు తీరిక యెక్కడిదని వారడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి మా స్వంత జవాబు చెప్పుటకంటె, ఈ మూడు కష్టములను నిండుగా ఎరిగిన ఒక తల్లి జీవితమును ఈ నెల మీ ముందుంచుట మేలని తలంచితిమి.

సూసన్నా 1669 జనవరి 20వ తేదీన లండను నగరములో పుట్టెను. ఆమె తండ్రి డాక్టర్ సామ్యూల్ ఆన్స్లీ పేరుపొందిన బోధకుడు. ప్రభుత్వపు సంఘమునకు లోబడక, మనస్సాక్షి నిమిత్తము వేరుగా నిలిచిన వారిలో ఆయన ఒకడు. ఆయనకు 25 మంది బిడ్డలు. సూసన్నా కడగొట్టు బిడ్డ. 13 ఏండ్లు నిండక ముందే ఆమె ఇరుపక్షముల వాదములను తానే పరిశీలించి, తండ్రి సంఘమును విడిచి ఇంగ్లాండు సంఘములో చేరెను. తండ్రి ఆమెను ద్వేషింపలేదు. బిడ్డ మనస్సును గౌరవించు ఇంటిలో ఆమె పెరిగెనని దీనివలన తెలియుచున్నది.

1688 నవంబరులో, 19 ఏండ్ల ప్రాయమున, ఆమె సామ్యూల్ వెస్లీ అను యౌవన బోధకుని వివాహమాడెను. ఆయన పండితుడు, కవి, భక్తిపరుడు. అయితే డబ్బు సంగతి ఎరుగనివాడు, పట్టుదల గలవాడు. కొంతకాలమునకు లింకన్ షైరు జిల్లాలో ఎప్‌వర్త్ అను పల్లెకు వారు గురువు కుటుంబముగా వచ్చిరి. అది చిత్తడి నేలల నడుమ నున్న ఊరు. అక్కడనే వారు తమ జీవితములో అధిక భాగము గడిపిరి.

1690 మొదలు సుమారు 20 సంవత్సరములలో సూసన్నమ్మ 19 మంది బిడ్డలను కనెను. వారిలో తొమ్మండుగురు పసితనముననే చనిపోయిరి. 1705వ సంవత్సరమొక్కటి చూచిన చాలును. ఎన్నికల తగాదాలో ఊరివారు కొందరు వెస్లీగారిపై పగబట్టి రాత్రియంతయు ఇంటిముందు గోల చేసిరి. ఆ రాత్రి నిద్రలేక అలసిన దాది తెల్లవారుజామున మైమరచి నిద్రపోయి, తన ప్రక్కనున్న పసిబిడ్డ మీద ఒరిగెను; బిడ్డ ఊపిరాడక చనిపోయెను. కొద్ది వారములకే సుమారు 30 పౌండ్ల అప్పు నిమిత్తము వెస్లీగారిని లింకన్ కోటలోని చెరసాలలో వేసిరి. ఆయన చెరలోనుండగా ఎవరో రాత్రివేళ వారి ఆవులను పొడిచిరి. సూసన్నమ్మ తన ఉంగరములను తీసి భర్తకు పంపగా ఆయన వాటిని తిరిగి పంపివేసెను. తరువాత ఆర్చిబిషప్పుగారు ఎప్పుడైన తిండికి లేకపోయినదాయని అడుగగా, రొట్టె లేకపోలేదు గాని దానిని సంపాదించుటకును, తిన్న తరువాత దాని వెల చెల్లించుటకును పడిన చింత వలన ఆ రొట్టె తరచుగా చేదాయెనని ఆమె ఒప్పుకొనెను. అప్పుచేసి గింజలు తెచ్చుకొనిన ఏ తల్లికైనను ఈ జవాబు అర్థమగును.

ఇట్టి ఇంటిలో ఆమె బడి పెట్టెను. ఆ బడికి ఉపాధ్యాయిని తానే, విద్యార్థులు తన బిడ్డలే.

ఒక్క కుమార్తెకు తప్ప, ఐదేండ్లు నిండువరకు ఏ బిడ్డకును అక్షరములు నేర్పలేదు. ఐదవ పుట్టినరోజు గడచిన మరునాడు చదువు మొదలగును. ముందటి రోజే ఇల్లంతయు సర్ది, ఎవరి పని వారికి అప్పగించి, ఉదయము 9 గంటలు మొదలు 12 వరకును, మధ్యాహ్నము 2 గంటలు మొదలు 5 వరకును ఆ గదిలోనికి ఎవరును రాకూడదని ఆమె కట్టడ చేసెడిది. ఆ ఒక్క దినములోనే బిడ్డ అక్షరములన్నియు నేర్చుకొనవలెను. ఇద్దరు కుమార్తెలకు మాత్రము ఒకటిన్నర దినము పట్టెను. వెంటనే ఆదికాండము మొదటి అధ్యాయము తెరచి, మొదటి వచనమును అక్షరమక్షరముగా కూర్చి, తడబడకుండ చదువువరకు నేర్పి, పిమ్మట రెండవ వచనమునకు సాగెడిది. బిడ్డల మొదటి వాచకము బైబిలే.

దినమునకు 6 గంటలు బడి. కీర్తనతో తెరచుట, కీర్తనతో మూయుట. సాయంకాలము 5 గంటలకు పెద్దబిడ్డ మాటలు వచ్చిన చిన్నబిడ్డను, రెండవవాడు తరువాతి చిన్నవానిని, ఈ రీతిగా ఇద్దరిద్దరుగా విడిపోయి ఆనాటి కీర్తనలను క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయమును చదివెడివారు. ఉదయమున ఇదే రీతిగా పాత నిబంధన. 6 గంటలకు కుటుంబ ప్రార్థనయు భోజనమును, 8 గంటలకు అందరును పడకలో. నోట మాట వచ్చిన వెంటనే ప్రతి బిడ్డయు ప్రభువు ప్రార్థన నేర్చుకొనెను. ఏడ్చి అడిగినది ఏ బిడ్డకును దొరకలేదు. పనివారిని అడుగునప్పుడు సహితము మర్యాదగా అడుగవలెను.

శిక్ష విషయములో ఆమె కఠినురాలే. పసిబిడ్డలకు సహితము బెత్తపు భయము నేర్పెను. దీనిని యథాతథముగా అనుసరింపుడని మేము చెప్పము. అయితే ఆమె కట్టడలలో కొన్ని ఎన్నటికిని పాతబడవు. తప్పు చేసి దాచక ఒప్పుకొనినవానిని కొట్టకూడదు. అబద్ధమునకు భయమే తల్లియని ఆమె ఎరుగును. ఒక్క తప్పునకు రెండుమారులు శిక్షింపకూడదు. తరువాత దానిని ఎత్తి పొడువకూడదు. మెప్పింపవలెనని బిడ్డ చేసిన పని సరిగా కుదరకున్నను దానిని దయతో అంగీకరింపవలెను. ఇచ్చిన మాట తప్పకూడదు. ఒకరి వస్తువు గుండుసూదియంతదైనను మరియొకరు ముట్టకూడదు. మరియు ఏ ఆడపిల్లయు చక్కగా చదువ నేర్చువరకు సూది పని చేయకూడదు. 300 ఏండ్ల క్రిందట ఒక పల్లెలో వ్రాసుకొనిన ఈ కడపటి కట్టడను, కుమార్తెలున్న తండ్రులు మరియొకసారి చదువుదురు గాక.

ఆమె ఓర్పును గూర్చి ఒక సంగతి చెప్పుకొందురు. ఒకే మాటను ఒక బిడ్డకు ఆమె 20 మారులు చెప్పుట చూచి భర్త ఆశ్చర్యపడెనట. 19తో ఆపియుండిన యెడల ఆ 19 మారుల శ్రమయు వ్యర్థమైయుండెడిదని ఆమె జవాబు.

1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆ గృహము అంటుకొనెను. సూసన్నమ్మ అప్పుడు గర్భిణి. ముఖమును చేతులును కమలగా మంటల గుండ నడచి ఆమె బయటపడెను. ఐదేండ్ల జాను మాత్రము మేడమీద చిక్కుపడెను. నిచ్చెన తెచ్చుటకు వ్యవధి లేదు. ఒకని భుజములమీద మరియొకడు నిలిచి కిటికీనుండి ఆ బిడ్డను దింపగానే ఇంటి కప్పు కూలెను. పుస్తకములు, వ్రాతలు, వస్త్రములు సమస్తమును బూడిదయాయెను.

ఇల్లు తిరిగి కట్టువరకు బిడ్డలను వేర్వేరు ఇండ్లలో ఉంచవలసివచ్చెను. వారు తిరిగివచ్చునప్పటికి చెడ్డ పాటలు, మోటు మాటలు, క్రమము లేని అలవాట్లు నేర్చియుండిరి. ఏండ్ల తరబడి కట్టిన గోడ కొన్ని నెలలలో కూలినట్లాయెను. సూసన్నమ్మ నిందించుచు కూర్చుండలేదు. మొదటినుండి మరల ప్రారంభించెను. కాలిపోయిన పాఠములకు బదులు, అపొస్తలుల విశ్వాస ప్రమాణమును పది ఆజ్ఞలను గూర్చి కుమార్తెల కొరకు స్వయముగా వివరణలు వ్రాసెను.

ఇక్కడ మన దేశము ఈ కథలోనికి వచ్చుచున్నది. 1706లో డెన్మార్కు రాజు పంపగా జీగెన్‌బాల్గ్, ప్లూట్షౌ అను ఇద్దరు మిషనెరీలు నేటి తమిళనాడులోని తరంగంబాడి రేవులో దిగిరి. వారి సేవా వృత్తాంతము పుస్తకముగా వచ్చి ఎప్‌వర్త్ గురువు చదువుగదికి చేరెను. కుమార్తె ఎమీలియా దానిని తల్లికి చదివి వినిపించెను. ఆ మిషనెరీ సంఘమునకే చెందిన బెంజమిన్ షుల్జ్ తరువాత తెలుగు నేర్చి, 1740 తరువాతి ఏండ్లలో జర్మనీలోని హల్లే పట్టణమున తెలుగు క్రైస్తవ గ్రంథములు అచ్చువేయించెను. ఆ విధముగా మన పూర్వికులకు సువార్త మోసిన సేవయే ఆ తల్లి హృదయమును కదలించెను. తాను పురుషుడు కాదు, బోధకురాలు కాదు, సముద్రము దాటలేదు. అయినను తన ఇంటిలోని ఆత్మల కొరకు ఇంకను ఎక్కువ చేయగలనని ఆమె తలంచెను.

ఆమె చేసినదేమి? ప్రతి రాత్రియు ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా మాటలాడుటకు సమయము ఏర్పరచుకొనెను. సోమవారము మేరీ, మంగళవారము హెట్టీ, బుధవారము ఆన్, గురువారము జాను, శుక్రవారము మార్తా, శనివారము చార్లెస్, ఆదివారము ఎమీలియాయు చిన్న సూసన్నాయు. బడిలో అందరికిని కలిపి చెప్పవచ్చును గాని, బిడ్డ హృదయములోని భయమును పాపమును ప్రశ్నయు గుంపులో బయటికి రావు. దీనిని ఎరిగిన తల్లి ఆమె. జాను పెద్దవాడై ఆక్స్‌ఫర్డులో పండితుడైన పిమ్మట సహితము, ఆ గురువారపు కొద్ది సమయమును తనకు మరల ఇమ్మని తల్లికి వ్రాసెను. ఆరు గంటల బడిని గూర్చి కాదు, ఆ కొద్ది సమయమును గూర్చియే అతడు వ్రాసెనని గమనింపుడి.

1711–12లో భర్త సంఘ సభ నిమిత్తము లండనులో ఉండగా, ఆమె ఆదివారము సాయంకాలములందు వంటగదిలో బిడ్డలకు పనివారికి ప్రసంగములు చదివి ప్రార్థించుచుండెను. పొరుగువారు వినవచ్చిరి. సంఖ్య 200 దాటెను. చోటు చాలక కొందరు తిరిగిపోయిరి. సహాయ బోధకుడు అసూయపడి ఫిర్యాదు వ్రాసెను. భర్త ఆపుమని సూచింపగా, సూచన చాలదనియు, తీర్పు దినమున తాను దోషిని కాకుండునట్లు స్పష్టమైన ఆజ్ఞయే ఇమ్మనియు ఆమె వినయముతో, అయితే వెనుదీయక, జవాబు వ్రాసెను. ఆయన అట్టి ఆజ్ఞ ఇయ్యలేదు.

ఆమె బిడ్డలందరి జీవితములు పూలబాటలాయెనని చెప్పిన యెడల మేము అబద్ధికులమగుదుము. కుమారులు ముగ్గురును బయటి బడులకు పోయి ఆక్స్‌ఫర్డులో చదివిరి. కుమార్తెలు ఏడుగురికిని తల్లి చెప్పిన చదువు తప్ప వేరే దారి దొరకలేదు. వారిలో మిక్కిలి తెలివిగలది హెట్టీ. 1725లో ఆమె ఒకని నమ్మి ఇల్లు విడిచి మోసపోయెను. తరువాత తనకు తగని వివాహములో చిక్కుకొనెను. తండ్రి ఆమెను క్షమింపలేదు. అక్క మేరీయు, అన్నదమ్ములైన జాను చార్లెసులును ఆమె పక్షమున నిలిచిరి. మార్తా భర్త అవిశ్వాసియై ఆమెను విడిచిపెట్టెను. వాక్యము నేర్పిన ఇల్లు సహితము క్షమింప నేర్వవలసియుండెను. హెట్టీ కడపట ప్రభువులో ఆదరణ పొందెను. 1750లో ఆమె మరణశయ్యయొద్ద చార్లెస్ ప్రార్థించెను.

1735లో భర్త మరణించెను. అదే సంవత్సరము జాను చార్లెసులు అమెరికాలోని జార్జియాకు సేవకై పోవలసినప్పుడు, తనకు 20 మంది కుమారులున్నను అందరును అట్టి పనిలో ఉండుటకే సంతోషింతునని విధవరాలైన ఆ తల్లి చెప్పెను. 1739లో, 70 ఏండ్ల ప్రాయమున, ప్రభు సంస్కారపు గిన్నె అందుకొనుచుండగా తన పాపములు క్షమింపబడినవను నిశ్చయత ఆమెకు కలిగెను. అంత కాలము ఇతరులకు నేర్పిన తల్లి ఆ దినమున తాను చిన్నబిడ్డవలె పొందెను. 1742 జూలైలో లండనులో, జానును కుమార్తెలును చుట్టునుండగా, తాను విడుదల పొందగానే స్తుతి కీర్తన పాడుడని చెప్పి కన్ను మూసెను. వారట్లే పాడిరి. బన్‌హిల్ ఫీల్డ్స్ అను శ్మశానభూమిలో ఆమె సమాధి యున్నది.

జాను వలన మెథడిస్టు ఉద్యమము లేచెను. ఆ వెస్లీయన్ మిషనెరీలే మన మెదకు ప్రాంతమునకు వచ్చిరి. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయము వారి సేవా ఫలమే. చార్లెస్ వేలకొలది కీర్తనలు రచించెను. క్రిస్మసునాడు మన సంఘములు పాడు దూతల స్తుతిపాటకు ఆంగ్ల మూలము అతనిదే. సోమవారము మొదలు ఆదివారము వరకు బిడ్డలకు పంచియిచ్చిన ఆ సాయంకాలములు ఎంత దూరము ప్రయాణము చేసెనో చూడుడి.

ప్రియ తల్లిదండ్రులారా, ఆమెవలె ఇంటిలో ఆరు గంటల బడి పెట్టుడని మేము చెప్పుటలేదు. మన పిల్లలు బడికి పోవుచున్నారు, అది మంచిదే. అయితే బడియు, హాస్టలును, సండేస్కూలును మీకు బదులు కాలేవు. ఈ నెలలో ఒక్కటి చేయుడి. ప్రతి బిడ్డకును వారములో ఒక సాయంకాలము పేరుపెట్టి ఇయ్యుడి. దీపము పెట్టిన తరువాత కొద్ది సేపు ఆ ఒక్క బిడ్డతో కూర్చుండి, వాని మాట వినుడి, వానితో ప్రార్థించుడి. మీకు చదువు రాకున్న యెడల భయపడకుడి. చదువువచ్చిన పెద్దబిడ్డ చిన్నబిడ్డకు ఒక కీర్తన చదువనీయుడి, మీరు ప్రక్కన కూర్చుండి వినుడి. తప్పు ఒప్పుకొనిన బిడ్డను కొట్టకుడి. త్రోవ తప్పిన బిడ్డ యున్న యెడల తలుపు మూయకుడి.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా బిడ్డలలో ప్రతివానిని పేరు పెట్టి ఎరిగినవాడా, మా అలసిన సాయంకాలములలో వారి కొరకు కొంత సమయమును, ఇరువదవమారు చెప్పుటకు ఓర్పును, తప్పిపోయిన వారిని చేర్చుకొను హృదయమును మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.