సమష్టి పరిశోధనకు సారథి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు
(జనవరి 12 - జయంతి సందర్భంగా)

వైద్యరంగంలో ఘనవిజయమేదీ ఒక్కరి కృషితో సిద్ధించదు. రసాయన శాస్త్రజ్ఞుడు, సూక్ష్మజీవి శాస్త్రజ్ఞుడు, వృక్ష శాస్త్రజ్ఞుడు, రోగి చెంతనుండే వైద్యుడు ఏకలక్ష్యంతో పనిచేసినప్పుడే ఔషధం ప్రజలకు చేరుతుంది. ఈ సత్యాన్ని ఆచరణలో నిరూపించిన తెలుగు తేజం డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో విద్యనభ్యసించారు. జాతీయోద్యమ స్ఫూర్తితో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురైన కారణంగా, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే తృప్తిపడవలసి వచ్చింది. 1922లో అమెరికా చేరుకున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సైరస్ ఫిస్కేతో కలసి, శరీర ద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.లపై వారి పరిశోధన చిరస్మరణీయమైనది. అయినప్పటికీ హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో గల లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, అనతికాలంలోనే పరిశోధనా విభాగానికి సారథ్యం వహించారు. వివిధ శాస్త్రాల నిపుణులను ఒక్క తాటిపై నడిపించడం ఆయన ప్రత్యేకత. రక్తహీనత నివారణకు తోడ్పడే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినట్లు 1945లో వెలువడిన పత్రంపై రెండు పరిశోధనా బృందాలకు చెందిన 16 మంది పేర్లున్నాయి. సారథి అయినప్పటికీ సుబ్బారావు పేరు అందులో మొదటిది కాదు.

బోదకాలు వ్యాధికి లెడర్లీ బృందం రూపొందించిన హెట్రజాన్‌ను ప్యూర్టోరికోలో వైద్యులు రోగులపై పరీక్షించి, ఫలితాలను 1947లో ప్రకటించారు. విశ్వవిద్యాలయం నుండి పదవీ విరమణ చేసిన వృక్ష శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌కు లెడర్లీలో అవకాశం కల్పించగా, ఆయన మట్టి నమూనాలలోని సూక్ష్మజీవులను శోధించి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. ఇది 1948లో లోకానికి వెల్లడైంది.

బోస్టన్ బాలల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌తో సాగిన సహకారం మరింత విశిష్టమైనది. రక్త క్యాన్సర్‌తో బాధపడే చిన్నారులకు ఆనాడు చికిత్స లేదు. ఫోలిక్ ఆమ్లం చర్యను అడ్డుకునే మందులను ఫార్బర్ కోరగా, లెడర్లీ రసాయన శాస్త్రజ్ఞులు అమినోప్టెరిన్‌ను అందజేశారు. 1948లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 16 మంది చిన్నారులలో 10 మందికి తాత్కాలిక ఉపశమనం కలిగింది. ఆధునిక క్యాన్సర్ ఔషధ చికిత్సకు అది నాంది పలికింది.

అదే సంవత్సరం ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు ఆకస్మికంగా కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మారక తపాలా బిళ్లను విడుదల చేసింది. అమినోప్టెరిన్ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వైద్యులకు అండగా ఉన్నది. బోదకాలు నిర్మూలనకు మన గ్రామాలలో పంపిణీ చేసే డి.ఇ.సి. మాత్ర నాటి హెట్రజానే. ప్రయోగశాలలు, ఆసుపత్రులు, ఆరోగ్య శాఖలు కీర్తి కోసం పోటీపడక, రోగి కోసం చేతులు కలిపినప్పుడే ఆ మహనీయునికి నిజమైన నివాళి అర్పించినట్లవుతుంది.