గోదావరి చిత్రకారుడు – దామెర్ల రామారావు

మన జహీరాబాదు ప్రాంతపు వాననీటిని గైకొని పోవు మంజీర, గోదావరియందు సంగమించి, ఆ మహానదితో గూడ తూర్పుసముద్రమును జేరును. సముద్రమును జేరుటకు మున్ను గోదావరి రాజమహేంద్రవరము చెంత మిక్కిలి విశాలమై ప్రవహించును. ఆ పట్టణమున బుట్టి, ఆ నదిని తన కుంచెతో నిలిపిన దామెర్ల రామారావుగారి చరిత్రమును మన విద్యార్థులకు సంగ్రహముగా దెలుపుచున్నాము.

రామారావుగారు 1897 మార్చి 8వ తేదీన జన్మించిరి. చిన్ననాటనుండియు వారికి పాఠములకంటె బొమ్మలు వ్రాయుటయందే ఆసక్తి మెండు. ఆ కాలమున రాజమహేంద్రవరపు ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షులైన ఆస్వాల్డ్ కూల్డ్రే దొరగారు స్వయముగ చిత్రకారులు. వారు ఆ బాలుని నేర్పును గుర్తించి, అభ్యాసము చేయించి, బొంబాయిలోని జె.జె. చిత్రకళాశాలకు పంపుటకు తోడ్పడిరి. పాఠము రాని బాలునియందు వేఱొక శక్తి యుండవచ్చునని తలచిన గురువు లేకున్న ఆంధ్రదేశమునకు ఈ చిత్రకారుడు దక్కియుండడు.

1916లో బొంబాయి చేరిన రామారావుగారు 1920లో చదువు ముగించిరి. పాశ్చాత్యుల వర్ణవిధానమును నేర్చిరి. అజంతా గుహలలోని రేఖాసౌష్ఠవమును ఆకళించుకొనిరి. అట్టి యువకునకు మహానగరమున ఉపాధి దొరకకపోదు. అయినను వారు స్వస్థలమునకే మరలి, అచట చిత్రకళాశాలను నెలకొల్పి, ఇతరులకు విద్య గఱపిరి. వారి భార్య సత్యవాణిగారును, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారును చిత్రకారిణులైరి.

వేయిమార్లు చూచిన నదిలో క్రొత్త యేమున్నదని కొందఱడుగవచ్చును. వేసవిలో ఇసుకతిన్నెల నడుమ సన్నగిల్లు గోదావరియు, వానకాలమున ఎఱ్ఱనీటితో ఒడ్డులొరయు గోదావరియు ఒక్కటి కాదు. ఉదయపు నీటిరంగు సాయంకాలమున నుండదు. నీటిరంగులతో వ్రాయువారు కాగితపు తెలుపునే వెలుగుగా మిగుల్చుకొనవలెను. ఒకమారు పూసిన రంగును తుడిచివేయుట దుస్సాధ్యము. కావున చేయి కదలుటకు మున్నే కన్ను నిశ్చయించుకొనవలెను. పరిచయము లేనిదే అట్టి నిశ్చయము కలుగదు. తూర్పుకనుమల నడుమ గోదావరిని వ్రాసిన చిత్రమునందును, పుష్పాలంకారము, సిద్ధార్థ రాగోదయము మొదలగు చిత్రములందును గానవచ్చు నిబ్బరమునకు మూలమిదియే.

కాని కాలము వారికి మిక్కిలి కొలదిగా లభించినది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మసూచికమువలన మరణించిరి. ఇరువదియెనిమిదేండ్లు నిండుటకు ఇంకను ఒక నెల కొఱతగా నుండెను. నేడు ఆ వ్యాధి భూమిపై లేదు. 1980లో అది నిర్మూలమైనట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. ఆనాడు మాత్రము దానికి చికిత్స లేకుండెను. మిత్రులు వరదా వెంకటరత్నముగారు మొదలగువారు కళాశాలను విడువక నడపిరి. చిత్రములను చెదరనీయక కాపాడిరి. వారి శ్రమవలననే రాజమహేంద్రవరములోని దామెర్ల కళామందిరమున మనము వానిని చూడగలుగుచున్నాము.

విద్యార్థులారా, మన యూరిలో చూడదగిన దేమియు లేదని యనుకొనకుడు. మన చెఱువుగట్టును, ఎఱ్ఱనేలను, చెఱకుతోటను వేకువ నొకసారి, మునిమాపున నొకసారి నిలిచి చూడుడు. చూచిన దానిని కాగితముపై బెట్టుడు. దీర్ఘాయువు మన చేతిలోనిది కాదు. శ్రద్ధగా చూచుట మన చేతిలోనిదే.