అమరనాథ యాత్రలో స్వామి వివేకానందులు

1863వ సంవత్సరమున కలకత్తాలో జన్మించి, శ్రీరామకృష్ణుల సన్నిధిని సాధన చేసి, పరివ్రాజకులై దేశమెల్ల సంచరించిన స్వామి వివేకానందులకు హిమాలయములు క్రొత్తవి కావు. అయినను 1898 జూలై చివర అమరనాథమునకు బయలుదేరినపుడు వారి కర్తవ్యము వేరు: శిష్యురాలగు సోదరి నివేదితను వేలకొలది యాత్రికుల నడుమ ఆ గుహకు కొనిపోవలెను.

విదేశ వనిత గుడారము తమ చెంత నుండుటకు సాధువులు కొందరు అభ్యంతరము తెలిపిరి. స్వామీజీ మొదట లొంగలేదు. శక్తి యున్నను దానిని ప్రదర్శింపరాదని ఒక నాగసాధువు హితవు చెప్పగా, వెంటనే గుడారమును దూరముగా వేయించిరి. మరునాడు అదే గుడారము శిబిరమునకు అగ్రభాగమున నిలిచెను. చందన్‌వాడి వద్ద, ముందున్న మంచుదారిని ఆమె కాలినడకనే దాటవలెనని వారు పట్టుపట్టిరి.

పంచతరణిలో చలిని లెక్కింపక ఐదు పాయలయందును స్నానమాడిరి. ఆగస్టు 2న, సుమారు 12,700 అడుగుల ఎత్తుననున్న గుహలో, కౌపీనధారులై, విభూతి పూసికొని, హిమలింగమునకు సాగిలపడిరి. శివుడు తమకు ఇచ్ఛామరణమును ప్రసాదించెనని పిదప తెలిపిరి.

నివేదితకు మాత్రము అట్టి అనుభూతి కలుగలేదు. గురువుల ఆనందమున తనకు పాలు లేకపోయెనని ఆమె దుఃఖించెను. చేసిన యాత్ర వ్యర్థము కాదనియు, ఫలము కాలక్రమమున తెలియుననియు స్వామీజీ ఊరడించిరి. 1902 జూలై 4న వారు దేహము చాలించిరి. ఆమె 1911లో కన్నుమూయువరకు భారతసేవను విడువలేదు. ఆ యాత్రను గ్రంథస్థము చేసి లోకమునకు అందించినదియు ఆమెయే.