పరభాషారంగమున హాండెలు

జార్జి ఫ్రెడరికు హాండెలు జర్మను, ఆయన కూర్చిన ఒపేరాలను సంగీతనాటకములు ఇటాలియను భాషలోనివి, విన్నవా రాంగ్లేయులు. ఈ పొత్తు ముప్పదియేండ్లు నిలిచినదన్న నతని ప్రజ్ఞ యెట్టిదో యూహింపవచ్చును. అది కూలిన తీరు నంతకంటె నెక్కువగా దెలిసికొనదగినది.

1685వ సంవత్సరమున హాలె పట్టణమున జన్మించెను. శస్త్రవైద్యుడైన తండ్రి కుమారుని న్యాయవాదిగా జూడగోరెను. తండ్రి గతించిన కొన్నియేండ్లకు, 1703లో, హాండెలు హాంబర్గు నాటకశాలలో ఫిడేలు వాయించుటకు గుదిరెను. పిదప ఇటలీ కేగి, యా దేశస్థుల గానరీతిని వారికే వినిపించి మెప్పు వడసెను. 1711లో లండనున 'రినాల్డో' ప్రదర్శితమై జయము గాంచెను.

1719లో ప్రభువర్గమువారు వాటా యొక్కింటికి 200 పౌనుల చొప్పున వేసికొని యొక నాటకసంఘమును స్థాపించిరి. రాజు ఏటేట 1,000 పౌనులు దయచేసెను. 'జూలియసు సీజరు' వంటి యుత్తమకృతులు వెలువడినవి గాని, ఇటలీనుండి రప్పించిన గాయకుల జీతములకే ద్రవ్యము చాలకుండెను. 1727లో కుజ్జోని, ఫౌస్టినా అను గాయనీమణుల పక్షములవారు యువరాణి యెదుటనే ఈలలు వేసి ప్రదర్శనమును భంగపరచిరి. గానము విన వచ్చినవా రెందరో, కలహము చూడ వచ్చినవా రెందరో! మరుసటియేట జాన్ గే రచించిన 'బిచ్చగాని ఒపేరా' జనులెరిగిన పాటల వరుసలతో, ఇంగ్లీషు మాటలతో రంగమెక్కెను. అందు నాయకులు దొంగలు, చెరసాల యధికారులు. తొలియేడే 62 మారు లాడెను. ప్రభువుల సంఘ మా సంవత్సరమే మూతవడెను.

హాండెలు మొండివాడు. 1727లో ఆంగ్లప్రజగా మారినను రంగస్థలపు భాషను మార్చడయ్యె. మరి పదమూడేండ్లు ఇటాలియను నాటకములనే పట్టుకొని యుండెను. 1733లో ప్రభువులు పోటీశాల నెత్తిరి; నాలుగేండ్లలో నుభయులును నష్టములలో మునిగిరి. 1737లో పక్షవాతమున ఆయన కుడిచేయి చచ్చుబడెను. కోలుకొని మరల వ్రాసెను. 1741లో 'డైడమియా' మూడు ప్రదర్శనములతో నాగిపోయెను. అదియే కడపటి నాటకము.

ఆ వేసవిలోనే 24 దినములలో ఇంగ్లీషు బైబిలు వాక్యములకు 'మెస్సయా' కూర్చెను. వేషములు లేవు, తెరలు లేవు; మాట మాత్రము వినువారిది. 1742 ఏప్రిలు 13న డబ్లినులో దానిని వినిపించిరి. ఆ రాబడిలో నొక భాగముతో అప్పులకై చెరబడిన 142 మందిని విడిపించిరి. నాటకములలోని సంగీత మింతకంటె దక్కువదని మేమనము. 1920లో గొట్టింగెనున 'రోడెలిండా' పునఃప్రదర్శితమైన పిదప లోకము వానిని మరల నాదరించుచున్నది.

1751నుండి చూపు క్షీణించి యంధుడయ్యెను; అయినను ఆర్గను వాయించుట మానలేదు. 1759 ఏప్రిలు 14న మరణించెను. 'మెస్సయా' ప్రతిని లండనులోని అనాథశిశువుల యాశ్రమమునకు మరణశాసనమున వ్రాసియిచ్చెను.