మోటారు యంత్ర మర్మజ్ఞుడు జి.డి. నాయుడు

తెలుగుదేశపు ఎల్లలకు వెలుపల పుట్టి పెరిగి, పొరుగు రాష్ట్రాలకు కీర్తి తెచ్చిన తెలుగువారు పెక్కుమంది ఉన్నారు. వారిలో కవులను, గాయకులను మనం తరచు స్మరిస్తూనే ఉంటాము. చేతులకు గ్రీజు అంటించుకొని పేరు గడించిన వారిని మాత్రం అంతగా తలచుకోము. కోయంబత్తూరు జి.డి. నాయుడుగారు ఆ రెండవ కోవకు చెందినవారు. తమిళనాట ఆయన పేరు సుప్రసిద్ధం. ఇంట తెలుగు మాట్లాడిన ఆ మనిషిని గూర్చి మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో సందేహమే. తాండవ నది వంతెనకు ఇవతల, రహదారి వెంట లారీలు, బస్సులు, కార్లు రేయింబవళ్ళు సాగిపోయే పాయకరావుపేటలో, మెకానిక్ షెడ్లలో పనిచేసే మేస్త్రీల పిల్లలు కూడ చదువుకొనే కళాశాల పత్రికలో ఆయన జీవితం వ్రాయడం సముచితమని భావిస్తున్నాను.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. పూర్వం ఎన్నడో కొంగునాడుకు వలస వెళ్ళి స్థిరపడిన తెలుగు వ్యవసాయ కుటుంబాలలో వారిది ఒకటి. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. చదువు ఆయనకు పట్టుబడలేదు. ఉపాధ్యాయుల కళ్ళలో ఇసుక చల్లి బడి నుండి పారిపోయాడన్న కథ ఆ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. మూడవ తరగతితోనే పాఠశాల విద్య ముగిసింది. ఆ కథ మా కళాశాల సంఘంవారికి రుచించకపోవచ్చు గాని, దానిని దాచిపెట్టి ఆయన చరిత్ర వ్రాయడం సాధ్యం కాదు.

పొలం పనులు చేసుకుంటున్న ఆ యువకుని జీవితం ఒక మోటారు సైకిలుతో మలుపు తిరిగింది. ఆంగ్ల అధికారి ఒకరు ఆ పల్లెకు రడ్జ్ కంపెనీవారి మోటారు సైకిలుపై వచ్చారు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి తనంతట తాను కదులుతోంది. అది ఎలా కదులుతోందో తెలుసుకొనే వరకు ఆయన మనస్సు నిలువలేదు. కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటలులో సర్వరుగా చేరి, వచ్చిన జీతంలో మిగిల్చి, కొంతకాలానికి అటువంటి బండినే కొన్నారు. కొన్నవాడు ఎక్కి ఊరేగడం లోకసహజం. ఈయన మాత్రం దానిని భాగాలుగా విప్పి, మరల బిగించారు. గాలి, పెట్రోలు కలిసి లోనికి పోవడం, అణగడం, మండి పిస్టన్ను త్రోయడం, పొగ బయటికి వెడలడం అనే నాలుగు క్రియలను ఏ పుస్తకం లేకుండా, తన వ్రేళ్ళతో తడిమి గ్రహించారు. ఆ విద్యయే ఆయనను మెకానిక్కుగా నిలిపింది.

నడుమ కొంతకాలం దారి తప్పారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్రత్తి వ్యాపారంలో ధనం చేరగా, దానిని తీసుకొని బొంబాయి వెళ్ళి, అక్కడి ప్రత్తి బేరాలలో పోగొట్టుకొని తిరిగి వచ్చారు. ధర రేపు పెరుగునో తరుగునో అన్న ఊహపై ఆధారపడిన వ్యాపారం ఆయనకు అచ్చిరాలేదు. విప్పి చూడగల వస్తువే ఆయనకు అచ్చివచ్చింది.

1920లో, కోయంబత్తూరులో పేరుపొందిన పారిశ్రామికుడు రాబర్ట్ స్టేన్స్ దొర తోడ్పాటుతో, ఒక బస్సు కొని పొల్లాచి, పళని పట్టణాల మధ్య తామే స్వయంగా నడిపారు. ఆ దూరం సుమారు 60 కిలోమీటర్లు. మన పాయకరావుపేట నుండి అనకాపల్లికి ఎంతో, ఇంచుమించు అంతే. యజమాని, డ్రైవరు, మెకానిక్కు ముగ్గురూ ఒక్కరే కావడం ఆయన అదృష్టమని నా అభిప్రాయం. బస్సు త్రాగిన ప్రతి చుక్క పెట్రోలుకు వెల చెల్లించేది ఆయనే. ఆ చుక్క ఎక్కడ వృథా అవుతోందో వినగల చెవి ఉన్నది కూడ ఆయనకే. ఆ ఒక్క బస్సు క్రమంగా యూనివర్సల్ మోటార్ సర్వీసు అనే సంస్థగా పెరిగి, 1933 నాటికి సుమారు 280 బస్సులకు చేరింది.

ఈ 280 అన్న సంఖ్యను కొంచెం ఆగి ఆలోచించవలె. ఒక్కొక్క బస్సు దినమునకు ఒక్క లీటరు పెట్రోలును నిష్కారణంగా కాల్చినదనుకొందాము. దినమునకు 280 లీటర్లు. సంవత్సరమునకు లక్ష లీటర్లకు పైగా. ఒక బస్సు యజమానికి అజాగ్రత్తగా తోచేది, ఇన్ని బస్సుల యజమానికి దివాలాగా పరిణమిస్తుంది. కనుక బస్సుల వ్యాపారం పైకి చూడగా టిక్కెట్ల వ్యాపారమే గాని, లోపల అది ఇంజను సంరక్షణ శాస్త్రమే.

ఆ శాస్త్రంలోని ముఖ్యాంశాలు కాలానుగుణంగా పెద్దగా మారలేదు. పెట్రోలు ఇంజనులో పుట్టిన వేడిలో నాలుగవ వంతు నుండి మూడవ వంతు వరకే పనిగా మారుతుంది. తక్కినదంతా రేడియేటరు నీటిలోను, పొగగొట్టంలోను పోతుంది. మిగిలిన ఆ కొద్దిపాటి శక్తిని కాపాడుకొనడమే పొదుపు. తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు 15 పాళ్ళ గాలి కావలె. గాలి వడపోత గుడ్డ దుమ్ముతో పూడిపోతే ఆ పాళ్ళు తప్పి, కార్బురేటరు బండికి పెట్రోలు అధికంగా పడుతుంది. అప్పుడు నల్లని పొగ వస్తుంది, ప్లగ్గుకు మసి పట్టుతుంది. అంతటితో పోదు. కాలని పెట్రోలు సిలిండరు గోడల మీది నూనెను కడిగివేస్తుంది. పిస్టన్ రింగులు అరుగుతాయి. రింగులు అరిగితే అణచుబలం తగ్గి, ఇంధనం మరింత ఖర్చవుతుంది. ఒక లోపం మరొక లోపాన్ని కనడం అంటే ఇదే. పెట్రోలు తక్కువ పడేటట్లు బిగించి మైలేజీ పెంచుదామని చూచేవారూ ఉన్నారు. గాలి మిక్కిలి అధికమైతే ఇంజను బలహీనపడి తడబడుతుంది. వేడెక్కి, కాలక్రమాన వాల్వులు చెడిపోవచ్చు. పిసినారితనానికి, పొదుపుకు గల భేదం కార్బురేటరు స్క్రూను ఒక చుట్టు త్రిప్పి చూచినవానికి తెలిసినట్లు నీతిశాస్త్రం చదివినవానికి తెలియదేమో!

టైర్లలో గాలి తగ్గితే బండి బురదలో నడిచినట్లు ఈడుస్తుంది. బ్రేకులు పట్టి ఉంటే ఇంజను తనతో తానే పోరాడుతుంది. నల్లబడి పలుచనైన ఇంజను ఆయిలును వేళకు మార్చకపోతే, ఆదా చేసిన ఆయిలు వెలకు ఎన్నో రెట్లు ఇంజను మరమ్మత్తుకు పోయవలసి వస్తుంది. క్లచ్చి మీద పాదం తీయని డ్రైవరు, ఆగిన చోట ఇంజను ఆపని డ్రైవరు, ముందు గేటు మూసి ఉన్నదని తెలిసీ వేగంగా పోయి బ్రేకు వేసే డ్రైవరు, ఈ ముగ్గురూ యజమాని జేబుకు చిల్లులే. 280 బస్సులను నిత్యం రోడ్డు మీద నిలపదలచిన సంస్థ ఇవన్నీ కాచుకొనక తప్పదు. ఇంజనుల కంపనాన్ని పరీక్షించే సాధనమొకటి కూడ నాయుడుగారు స్వయంగా రూపొందించారని ఆయన జీవిత కథలు చెప్పుతున్నాయి. ఆరోగ్యమైన ఇంజనుకు ఒక లయ ఉంటుంది. ఆ లయ చెడడమే రోగానికి తొలి సూచన. అనుభవజ్ఞుడైన మేస్త్రీ బానెట్టు మీద అరచేయి ఆనించి గ్రహించే సంగతిని ఆయన పరికరం చేత చెప్పించదలచారన్నమాట.

ఆయన ఇతర కృషిని ఇక్కడ క్లుప్తంగా చెప్పుతాను. 1937లో డి. బాలసుందరంగారితో కలిసి పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సు స్థాపించి, మన దేశంలో తొలి విద్యుత్ మోటారును తయారు చేశారు. విద్యుత్ క్షౌరయంత్రం, పలుచని బ్లేడ్లు, కిరసనాయిలుతో తిరిగే పంకా, పండ్లరసం తీసే యంత్రం ఆయన చేతి నుండి వెలువడ్డాయి. 1936లో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను తన కెమెరాతో చిత్రించారు. పది అడుగుల ప్రత్తి మొక్కలు పెంచారు. సర్ సి.వి. రామన్ వంటి శాస్త్రజ్ఞుడు ఆయన ప్రతిభను మెచ్చుకొన్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను వచ్చి, దేశమంతటా బస్సులకు బొగ్గు గ్యాసు పొయ్యిలు తగిలించి నడిపిన రోజులవి. 1944లో ఆయన మోటారు వ్యాపారం నుండి విరమించుకొన్నారు. 1952లో రెండువేల రూపాయలకు లభించగల, ఇద్దరు కూర్చొనే చిన్న పెట్రోలు కారును తయారు చేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోవడంతో అది కర్మాగారం దాటలేదు. సామాన్యుని చిన్న కారు కోసం దేశం మరి మూడు దశాబ్దాలు, 1983లో మారుతి వచ్చే వరకు, వేచి ఉండవలసి వచ్చిందని తలచుకుంటే బాధ కలుగుతుంది.

నాకు అన్నింటికంటె ఆసక్తి కలిగించేది 1945 నాటి ఉదంతం. మూడవ తరగతి దాటని ఈ మనిషి ఇచ్చిన విరాళంతో, మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్కు, ఒక ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. ఆ కళాశాలయే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. నాయుడుగారు దానికి ప్రిన్సిపాలుగా కూడ ఉన్నారు. ఇంజనీరింగు పట్టానికి నాలుగేండ్లు అనవసరం, రెండేండ్లు చాలునని ఆయన వాదన. ప్రభుత్వం అంగీకరించలేదు, ఆయన పదవి వదలుకొన్నారు. ఇంజనులో వృథా అయ్యే పెట్రోలును సహించలేని మనిషి, తరగతి గదిలో వృథా అయ్యే సంవత్సరాలను సహించలేకపోవడంలో వింత లేదు.

పాఠం చెప్పి జీవించే నాకు ఈ వాదన కొంత గుచ్చుకొంటుంది. దీనితో నేను పూర్తిగా ఏకీభవించను. వేడి ఎందుకు పనిగా మారుతుంది, ఎంతకు మించి మారదు అన్న ప్రశ్నలకు ఇంజను విప్పినంత మాత్రాన సమాధానం దొరకదు. గణితం కావలె, కాలం కావలె. రడ్జ్ బండిని కనిపెట్టిన దేశానికి అవి ఉన్నాయి. కాని ఆయన ఆగ్రహంలోని సగం నిజాన్ని కాదనలేను. మన కళాశాల దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న గడి దగ్గర కలం ఆపి, మెకానిక్కు అని వ్రాయడానికి సిగ్గుపడి, వ్యాపారమని వ్రాసే విద్యార్థిని నేను ఎరుగుదును. ఆ తండ్రి ఇంజను శబ్దం విని మూడవ సిలిండరు మండడం లేదని చెప్పగలడు. కొడుకు భౌతికశాస్త్ర పరీక్షలో నాలుగు స్ట్రోకుల బొమ్మ గీసి మార్కులు తెచ్చుకోగలడు. ఒకే ఇంట ఉన్న ఈ రెండు విద్యలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు. నేటి కార్లలో కార్బురేటరు పోయి, పెట్రోలు పాలును కంప్యూటరు నిర్ణయిస్తున్నది. షెడ్డులోని తండ్రికి కొడుకు చదువు, కొడుకుకు తండ్రి చేయి మునుపటికంటె ఎక్కువగా అవసరమైన కాలమిది.

నాయుడుగారు 1974 జనవరి 4న మరణించారు. సరిగా ఆ రోజులలోనే ముడి చమురు ధర, అంతకు మూడు నెలల ముందు ఉన్నదానికి సుమారు నాలుగింతలైంది. అంతవరకు పెట్రోలును నీళ్ళవలె పోసిన దేశాలు సైతం వేగపరిమితులు విధించుకొని, చిన్న ఇంజనుల కోసం వెదకసాగాయి. మన దేశంలో ఇంధన పొదుపును ప్రచారం చేసే పెట్రోలియం సంరక్షణ పరిశోధన సంస్థ 1978లో ఏర్పడింది. కోయంబత్తూరులో నాయుడుగారి పేరిట నడుస్తున్న ధర్మసంస్థ 2015లో పాత కార్ల ప్రదర్శనశాలను ప్రారంభించింది. అవినాశి రోడ్డులో ఉన్న ఆ ప్రదర్శనశాలను, అటు వెళ్ళే అవకాశం కలిగిన విద్యార్థులు తప్పక చూచి రావలె. వీలైతే, షెడ్డుకు ఒక రోజు సెలవు పెట్టించి తండ్రిగారిని కూడ వెంట తీసుకొని వెళ్ళవలె.